లారీ మొత్తం మనకే కావాలా?

"పచ్చడి పంపడానికి లారీ ఏమిటే? పెళ్లివారి సామానా?"

మా అత్తయ్యగారు చేస్తున్న వత్తులు పక్కన పెట్టి మరీ నవ్వారు. నాకు మాత్రం నవ్వు రాలేదు. అంతకు ఏడాది ముందు ఇదే సరుకు పార్శిల్లో పంపి నేను పోగొట్టుకున్నదెంతో ఆవిడకి పూర్తిగా తెలియదు. చెబితే బాధపడతారని చెప్పలేదు. నా చేతి గాజులు రెండు బ్యాంకులో ఉన్నాయన్న సంగతి కూడా అంతే.

మాది తెనాలి. ఇంటి వెనక వసారాలో నలుగురం కూర్చుని మొదలుపెట్టిన పచ్చళ్ల పని ఇప్పుడు 14 మంది ఆడవాళ్లకి పని చూపిస్తోంది. ఆవకాయ, మాగాయ, గోంగూర, పండుమిరప. ఎండాకాలంలో మినప వడియాలు, గుమ్మడి వడియాలు. విజయవాడ, హైదరాబాద్ దుకాణాలకి నాలుగైదు పెట్టెలు బస్సు పార్శిల్లో వేసేసేవాళ్లం. ఎప్పుడూ ఇబ్బంది రాలేదు. ఒక ఎగ్జిబిషన్‌లో మా ఆవకాయ రుచి చూసిన బెంగళూరు డిస్ట్రిబ్యూటరు ఆర్డరిచ్చేదాకా సరుకు రవాణా అనేది ఒక విద్య అని నాకు తోచనే లేదు.

మనలో చాలామందిమి అంతేనండీ. ఉప్పూ కారం పాళ్లు, సీసా ధర, లేబులు రంగు, అన్నీ వందసార్లు చూసుకుంటాం. సరుకు గడప దాటాక మాత్రం "ఎవరో ఒకరు చేరుస్తారులే" అని చేతులు దులుపుకుంటాం.

ఎనిమిది చేతులు

2022 జూన్‌లో వెళ్లింది ఆ మొదటి ఆర్డరు. అరకిలో సీసాలు, పెట్టెకి డజను చొప్పున 160 పెట్టెలు. మొత్తం 1,200 కిలోలు. చిన్న పికప్ బండి మొత్తంగా మాట్లాడితే బెంగళూరుకి 16,000 అడిగారు. పార్శిల్ ఆఫీసులో అయితే కిలోకి 5 రూపాయలు, అంటే 6,000. పదివేలు మిగులుతున్నాయి కదా అని సంబరపడి పార్శిల్‌లో వేశాను. మీరైనా అదే చేసి ఉండేవారు.

సరుకు చేరడానికి 11 రోజులు పట్టింది. డిస్ట్రిబ్యూటరు ఫోన్ చేశారు. ఆయన అనంతపురం వైపు మనిషి, మెల్లగా మాట్లాడతారు. "అమ్మా, పచ్చడి బాగుందమ్మా. కానీ 31 పెట్టెలు నూనె కారిపోయాయి. ఎవరూ చేత్తో ముట్టుకోరు" అన్నారు. పగిలిన సీసాలు నిజానికి తక్కువే. మూత వదులై కారిన నూనె చుట్టుపక్కల సీసాల లేబుళ్లన్నీ పాడుచేసింది. 31 పెట్టెలంటే 372 సీసాలు. సీసా 110 రూపాయల చొప్పున నలభై వేల తొమ్మిది వందల ఇరవై. ఆ వారం జీతాలివ్వడానికే గాజులు తీశాను. మా బావగారు "ఆడవాళ్ల వ్యాపారం ఊరు దాటితే ఇంతే" అని భోజనాల దగ్గర అన్నారు. నేను మజ్జిగ వడ్డించి ఊరుకున్నాను.

కోపం తగ్గాక కూర్చుని ఒక కాగితం మీద రాసుకున్నాను, నా సీసా ఎన్నిసార్లు ఎక్కింది, ఎన్నిసార్లు దిగింది అని. ఇంటి దగ్గర ట్రాలీ ఆటో ఎక్కింది, తెనాలి ఆఫీసులో దిగింది. విజయవాడ బండి ఎక్కింది, అక్కడి గోడౌన్‌లో దిగింది. పెద్ద లారీ ఎక్కింది, బెంగళూరు గోడౌన్‌లో దిగింది. మళ్లీ చిన్న వ్యాను ఎక్కింది, షాపు ముందు దిగింది. ఎనిమిదిసార్లు! దిగిన ప్రతిచోటా ఎవరి సరుకో దాని నెత్తిన కూర్చుంది. ఒక పెట్టె మీద మోటారు పంపుసెట్టు పెట్టిన గుర్తు స్పష్టంగా ఉందని డిస్ట్రిబ్యూటరు ఫొటో కూడా పంపారు.

హమాలీలని తిట్టుకుని లాభం లేదు. రోజుకి వందల పెట్టెలు మోసేవాడికి ఇందులో ఆవకాయ ఉందనీ, అందులో ఇనుముందనీ గుర్తుండదు. పార్శిల్ పద్ధతే అది. పదిమంది సరుకు కలిపితేనే ఒక బండి నిండుతుంది. కలపాలంటే దించాలి, ఎక్కించాలి. బండి మొత్తం మనదైతే మన గుమ్మం ముందు ఒకసారి ఎక్కుతుంది, కొన్నవాళ్ల గుమ్మం ముందు ఒకసారి దిగుతుంది. ఎనిమిదికి బదులు రెండు.

నేను మిగిల్చిన పదివేలు నాకు నలభై వేలు ఖర్చు పెట్టించాయి. కిలోకి ఎంత అని అడిగానే గానీ, చేరిన కిలోకి ఎంత అని లెక్క వేసుకోలేదు.

వడియాలు తినేది చోటు

మరుసటేడు, 2023లో, ఆయనే మళ్లీ ఆర్డరిచ్చారు. ఆ మాట వినగానే కళ్లనీళ్లు తిరిగాయి. ఈసారి 400 పెట్టెల పచ్చళ్లు, 120 పెట్టెల వడియాలు. "కానీ ఒక్క పెట్టె కారినా ఇదే ఆఖరమ్మా" అని కూడా అన్నారు, నవ్వుతూనే.

విజయవాడ ఆటోనగర్‌లో ఒక లారీ బ్రోకరు ఆఫీసుకి వెళ్లాను. మా ఆయన వస్తానన్నారు గానీ ఆరోజు ఆఫీసులో సెలవు దొరకలేదు. నన్ను చూసి బ్రోకరు గారు "మగవాళ్లెవరూ రాలేదామ్మా?" అన్నారు. చెడ్డ మనిషి కాదు, అలవాటు లేక అడిగారంతే. భోపాల్‌లో యోగితా రఘువంశీ అనే ఆవిడ న్యాయశాస్త్రం చదివి, భర్త పోయాక పిల్లల కోసం లారీ స్టీరింగు పట్టుకున్నారని పేపర్లో చదివి ఉన్నాను. ఆవిడ లారీయే నడుపుతుంటే నేను కిరాయి మాట్లాడలేనా అనుకుని కుర్చీ లాక్కుని కూర్చున్నాను.

"ఎన్ని టన్నులు?"

"మూడు టన్నుల ఆరు వందలు."

"అయితే 14 అడుగుల డీసీఎం చాలు. నాలుగు టన్నులు లాగుతుంది."

ఈ డీసీఎం మాట మీరూ వినే ఉంటారు. 1980లలో డీసీఎం టయోటా అనే కంపెనీ ఆ చిన్నలారీలు తెచ్చింది. కంపెనీ పోయింది, పేరు మిగిలింది. ఇప్పుడు ఏ కంపెనీ బండైనా ఆ సైజుదైతే మనవాళ్లు డీసీఎం అనే అంటారు.

సరేనని తలూపబోయాను. పక్కనే బీడీ ఆర్పుతున్న హమాలీ మేస్త్రి అడ్డుపడ్డాడు. "వడియాలంటున్నారు కదమ్మా? అవి బరువుండవు, చోటు తింటాయి. పెట్టె కొలతలేవి?" అన్నాడు.

ఆ మాట విలువ ఎంతో ఇంటికొచ్చి టేపు పట్టుకున్నాక తెలిసింది. పచ్చడి పెట్టె ఏడున్నర కిలోలు, కానీ అరఘనపుటడుగు చోటు చాలు. వడియాల పెట్టె 5 కిలోలే, అన్ని వైపులా అడుగున్నర. దానికి మూడు ఘనపుటడుగుల పైమాటే. పచ్చళ్లన్నీ కలిసి 200 ఘనపుటడుగులు, వడియాలన్నీ కలిసి 405. మొత్తం 605. పధ్నాలుగు అడుగుల బండి లోపల ఆరడుగుల వెడల్పు, ఆరడుగుల ఎత్తు అనుకుంటే 504 వస్తుంది. అంటే బరువు లెక్కన సరిపోయే బండి చోటు లెక్కన చాలదు. ఆరోజు రాత్రి ముప్పై పెట్టెలు వీధిలో మిగిలిపోయి ఉండేవి! 17 అడుగులది, లోపల ఏడడుగుల ఎత్తున్నది చూస్తే 714 వచ్చింది. అదే ఖాయం చేశాను.

కొలతలు తెలిశాక పార్శిల్ ఆఫీసులో కూడా ఒకసారి ధర అడిగి చూశాను. తమాషా ఏమిటంటే, వాళ్లు తేలిక సరుక్కి అసలు బరువు చూడరు. ఘనపుటడుగుకి ఇన్ని కిలోలని కట్టి, అసలు బరువు, ఆ బరువు రెంటిలో ఏది ఎక్కువైతే దానికి కిరాయి వేస్తారు. మాకు ఎనిమిది కిలోల లెక్క చెప్పారు. అంటే నా 5 కిలోల వడియాల పెట్టెకి 27 కిలోల కిరాయి! అన్నీ కలిపితే 31,200 తేలింది. ఆపైన హమాలీ, డోర్ డెలివరీ వేరే. లారీ మొత్తానికి నేను ఇచ్చింది 24,000. కిందటేడు పదివేలు ఖరీదెక్కువనిపించిన పద్ధతే ఈ ఏడు ఏడువేలు చవకైంది. సరుకు పెరిగేకొద్దీ లెక్క ఎక్కడో ఒకచోట తిరగబడుతుంది. అది ఎక్కడో ఎవరికి వారు వేసుకోవలసిందే.

మూడు ధరలు, ఒకటే దారి

24,000 అన్నాను గానీ మొదట ఒకరు 32,000 చెప్పారు, ఇంకొకరు 28,000. అదే దారి, అదే 650 కిలోమీటర్లు. ఒంగోలు, నెల్లూరు, చిత్తూరు, పలమనేరు, కోలారు. మరి తేడా ఎందుకు?

బెంగళూరు నుంచి సరుకు తెచ్చి విజయవాడలో దించిన బండి ఖాళీగా వెనక్కి పోవడానికి ఇష్టపడదు. ఎంతో కొంత వస్తే డీజిలు ఖర్చయినా గిడుతుందనుకుంటుంది. దాన్నే రిటర్న్ లోడు అంటారు. మనం ఒక్కరోజు ముందూ వెనకా సర్దుకోగలిగితే అలాంటి బండి దొరుకుతుంది. "రేపు పొద్దున్నే కావాలి" అన్నామా, రేటు పైకే.

రుతువుని బట్టి కూడా మారుతుంది. గుంటూరు మిర్చి యార్డుకి ఎర్రబంగారం పోటెత్తే ఫిబ్రవరి, మార్చి, ఏప్రిల్ నెలల్లో మా చుట్టుపక్కల లారీ దొరకడమే గగనం. దొరికినా చుక్కల ధర. మాకు అదృష్టం కొద్దీ కొత్తావకాయ కలిపి, ఊరి, సీసాలకెక్కేసరికి జూన్ వస్తుంది. అప్పటికి మిర్చి హడావుడి తగ్గుతుంది.

ధర తేల్చుకున్నాక మొహమాటం వదిలేసి అడగాల్సినవి కొన్ని ఉన్నాయి. టోలు గేట్ల డబ్బు ఇందులోనేనా? ఎక్కించే హమాలీ ఎవరిది, దించే హమాలీ ఎవరిది? అక్కడ దించడం ఆలస్యమైతే హాల్టింగు ఎన్ని గంటల తర్వాత మొదలవుతుంది, రోజుకెంత? బెంగళూరులో రద్దీ వేళల్లో సరుకు లారీల్ని ఊళ్లోకి వదలరు, ఆ ఎదురుచూపు ఎవరి ఖాతాలో? ఇవన్నీ ముందే కాగితం మీద పెట్టించాను. బ్రోకరు గారు కొంచెం విసుక్కున్నారు. తర్వాత ఒక్క రూపాయి తగువు రాలేదు.

కిరాయి మొత్తం ముందే ఇవ్వమన్నారు. బండి కదిలేముందు 80 శాతం, మిగతాది సరుకు దిగినట్టు అక్కడివాళ్లు సంతకం పెట్టిన లారీ రసీదు కాపీ చేతికొచ్చాక ఇస్తానన్నాను. ఇది ఎవరి మీదో అనుమానం కాదు. వ్యాపారంలో అందరూ చేసేదే, మనకి చెప్పేవాళ్లు లేక తెలియదు.

తిప్పి పంపిన బండి

అనుకున్న సోమవారం సాయంత్రం నాలుగింటికి బండి వచ్చింది. పెట్టెలన్నీ వసారాలో పేర్చి, మా ఆడవాళ్లందరూ కొంగులు దోపుకుని సిద్ధంగా ఉన్నారు. తొలకరి రోజులు కాబట్టి పట్టా కప్పే లారీ వద్దని, మూసి ఉండే కంటైనర్ బండే మాట్లాడాను. తలుపు తీయగానే గుప్పుమంది పురుగుమందు వాసన.

డ్రైవరు "కడిగించాను మేడం" అన్నాడు. నేల నిజంగానే తడిగా ఉంది, అది మరో తంటా. అట్టపెట్టె అడుగు తడిస్తే బరువు మోయలేదు. బ్రోకరుకి ఫోన్ చేశాను. "సీసాలకి మూతలున్నాయి కదమ్మా, వాసన ఎక్కడ పడుతుంది?" అన్నారు. సీసాల సంగతి సరే, వడియాలో? నూనెలో వేయించుకుని నోట్లో వేసుకునే వస్తువు. పైగా తినే సరుకు విషపు మందులు మోసిన బండిలో పంపడానికి నాకు మనసొప్పలేదు. "తిరిగి పంపించండి, రేపు ఇంకోటి పెట్టండి" అన్నాను. "ఇలాగైతే ఎవరూ బండి ఇవ్వరు మీకు" అన్నారాయన. ఫోన్ పెట్టేశాక నా చేతులు వణికాయి. డిస్ట్రిబ్యూటరుకి ఒకరోజు ఆలస్యమని చెప్పాలి. మా వాళ్లంతా నా మొహంలోకి చూస్తున్నారు. వాళ్లలో పెద్దావిడ "పోనీలే అక్కా, ఏదో ఒకటి ఎక్కిద్దాం" అంది. వద్దన్నాను.

మర్నాడు వచ్చిన బండి అంతకుముందు బిస్కట్లు మోసిందట. పొడిగా, శుభ్రంగా ఉంది. అయినా మేస్త్రి చెప్పిన చిట్కా చేసి చూశాను. లోపలికెళ్లి తలుపులు వేయించుకుని రెండు నిమిషాలు చీకట్లో నిలబడ్డాను. పైన ఎక్కడైనా వెలుతురు చుక్క కనిపిస్తే అక్కడినుంచి వాన పడుతుందన్నమాట. ఒక మూల సన్నగా చుక్కలా మెరిసింది. డ్రైవరు నవ్వుతూనే రేకు మీద తారు అతుకు వేశాడు. నేల మీద పైకి లేచిన మేకు ఒకటి నాకు కాలికి తగిలింది, దాన్నీ కొట్టించాను.

బండి నంబరు ముందురోజే తెప్పించుకుని ఫోన్‌లో ప్రభుత్వం వారి ఎంపరివాహన్ యాప్‌లో చూశాను. ఫిట్‌నెస్, ఇన్సూరెన్సు ఎప్పటిదాకా ఉన్నాయో అందులో తెలుస్తుంది. బ్రోకరు ఎంత తెలిసినవాడైనా బండి ఆయనది కాదు కదా! ఆర్సీ, డ్రైవరు లైసెన్సు ఫొటోలు కూడా తీసి పెట్టుకున్నాను.

లోడు ఎక్కిస్తుండగా డ్రైవరు "ఇంకా చోటుంది కదా మేడం, ఒంగోల్లో తెలిసినవాళ్లవి ఓ పది బస్తాలున్నాయి, వేసుకుంటాను" అన్నాడు. అతనికి నాలుగు డబ్బులొస్తాయి, పాపం. కానీ ఆ పది బస్తాల కోసం మధ్యలో తలుపు తెరవాలి, నా పెట్టెలు జరపాలి. మొత్తం బండి మాట్లాడుకున్నదే అది జరగకూడదని! "దారిలో వేరే సరుకు ఎక్కించరాదు" అని లారీ రసీదు మీద రాయించి, తలుపుకి సీలు వేయించి, ఆ సీలు నంబరు బెంగళూరుకి పంపాను. అధిక బరువు గొడవ కూడా చిన్నది కాదు. 2019 సెప్టెంబరు నుంచి పరిమితికి మించి బరువేస్తే 20,000 జరిమానా, ఆపైన టన్నుకి మరో 2,000. ఎక్కువైన సరుకు దించితే తప్ప బండి కదలనివ్వరు. అప్పుడు రోడ్డు పక్కన దిగేది ఎవరి పెట్టెలో చెప్పలేం.

కాగితాలు

ఇది పొడిపొడి వ్యవహారం గానీ తప్పదు. 2017 జూలైలో జీఎస్టీ వచ్చాక సరిహద్దుల్లో పన్నుల చెక్‌పోస్టులు ఎత్తేశారు. అలాగని ఎవరూ ఆపరనుకోవద్దు, దారిలో ఎక్కడైనా ఆపి చూడొచ్చు. 50,000 రూపాయలు దాటిన సరుకు రాష్ట్రం దాటాలంటే 2018 ఏప్రిల్ నుంచి ఈ-వే బిల్లు ఉండాలి. అందులో బండి నంబరు రాయాలి. దారిలో బండి చెడిపోయి వేరే దానిలోకి మార్చితే ఆ కొత్త నంబరు ఎక్కించాలి. 200 కిలోమీటర్లకి ఒకరోజు లెక్కన గడువుంటుంది కాబట్టి 650కి నాలుగు రోజులు. నేరుగా పోయే లారీకి అది చాలా ఎక్కువ. కిరాయి మీద జీఎస్టీ ఎవరు కట్టాలన్నది లారీ రసీదు ఎవరిస్తున్నారన్న దాన్నిబట్టి మారుతుంది. అది మీ అకౌంటెంటుని అడిగితే మంచిది, నేనూ అదే చేశాను.

నన్ను నిజంగా కంగారుపెట్టింది వేరే విషయం. కిందటేడు 31 పెట్టెలు పోయినప్పుడు పార్శిల్ ఆఫీసు చుట్టూ తిరిగాను. "షాపువాళ్లు సరుకు బాగానే అందిందని సంతకం పెట్టారుగా" అన్నారు. నిజమే, ఆ షాపు కుర్రాడు పెట్టెలు విప్పకుండానే సంతకం పెట్టేశాడు. సంక్రాంతికి వచ్చిన మా దూరపు చుట్టం ఒకాయన వకీలు. ఆయన చెప్పేదాకా తెలియదు, రోడ్డు రవాణాకి 2007లో ఒక చట్టం వచ్చిందని, సరుకు పాడైతే బుక్ చేసిన రోజు నుంచి 180 రోజుల్లోగా రాతపూర్వకంగా నోటీసివ్వకపోతే దావా వేయడానికే వీలుండదని. జూన్‌లో బుక్ చేస్తే డిసెంబరు మొదటివారానికే గడువు అయిపోయింది. జనవరిలో తెలిసి ఏం లాభం?

ఆయనే ఇంకో మాట చెప్పారు. సరుకు ఇంత విలువని ముందే రాయించి, అందుకు అదనంగా అడిగితే కట్టకపోతే, రవాణాదారు బాధ్యత కిరాయికి పది రెట్లు దాటదు. నా లారీ కిరాయి 24,000. పది రెట్లంటే 2,40,000. బండిలో ఉన్న సరుకు 6,00,000! సగం కూడా కాదు. పైగా లారీకి ఉన్న ఇన్సూరెన్సు లారీకే గానీ అందులోని సరుక్కి కాదు. సరుక్కి విడిగా చేయించాలి. దాని పేరు మెరైన్ ఇన్సూరెన్సట. "తెనాలికి సముద్రం ఎక్కడిదండీ?" అని ఏజెంటుని అడిగితే ఆయన పడీపడీ నవ్వారు. ఓడల కాలం నాటి పేరు, రోడ్డు మీద పోయే సరుక్కి కూడా అలాగే ఉండిపోయింది. ఆ ఒక్క ప్రయాణానికి నేను కట్టిన ప్రీమియం ఒక పెట్టె పచ్చడి ఖరీదు కూడా కాలేదు.

చీకటి పడ్డాక

ఎక్కించడం దగ్గర మాత్రం నేనే నిలబడ్డాను. పచ్చడి పెట్టెలు నేలంతా పరిచినట్టు ఐదు వరసల ఎత్తు. దాంతో బరువంతా కిందనే సమంగా ఉంటుంది, మలుపుల్లో బండి ఊగదు. వాటిమీద పలచటి చెక్క అట్టలు. ఆపైన వడియాలు మూడు వరసలు. సందులున్నచోట పాత గోనెలు కుక్కాం. వెనక తలుపు దగ్గర కొంచెం ఖాళీ మిగిలింది. అక్కడ వదిలేస్తే బ్రేకు వేసినప్పుడల్లా అన్నీ జరుగుతాయని మేస్త్రి తాళ్లతో వల అల్లినట్టు బిగించాడు. ఈ ఏడు సీసాలకి మూత కింద వేడితో అంటించే రేకు సీలు కూడా వేయించాం. మూసిన బండిలో పగలు ఎండకి నూనె వేడెక్కి పొంగుతుందని అంచుదాకా నింపలేదు.

తొమ్మిదింటికి బండి కదిలింది. డ్రైవరుకి పెరుగన్నం, గోంగూర కట్టి ఇచ్చాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదని వేరే చెప్పాలా? తెల్లవారుజామున నెల్లూరు దాటానని ఫోన్. మధ్యాహ్నం చిత్తూరు దాటి మొగిలి ఘాట్ ఎక్కుతున్నానని ఇంకో ఫోన్. ఆ మాట విన్నాక గంటసేపు ఏ పనీ చేయలేకపోయాను. సాయంత్రానికి హోస్కోటే చేరి, రాత్రి వదిలేదాకా అక్కడే ఆగాడు. గురువారం పొద్దున ఏడింటికి డిస్ట్రిబ్యూటరు గోడౌన్ దగ్గర సీలు తెరిచారు. నంబరు సరిచూసుకున్నాకే తెరవమని, పెట్టెలు లెక్కపెట్టి, పాడైనవి ఉంటే రసీదు మీదే రాసి అప్పుడు సంతకం పెట్టమని ముందే బతిమాలుకున్నాను.

రెండు పెట్టెలు మూలలు నలిగాయి. ఒక్క సీసా కారలేదు.

మా అత్తయ్యగారికి అప్పుడు చెప్పాను, గాజుల సంగతి. "విడిపించుకో ముందు" అన్నారు, అంతే.

ఇప్పుడు ప్రతిసారీ లారీయే పంపిస్తున్నానా అంటే, లేదు. నలభై యాభై పెట్టెల ఆర్డరైతే పార్శిలే. కాకపోతే సీలు వేసిన సీసాలు, రెండు పొరల అట్టపెట్టెలు, పైన గట్టిగా తాడు. బండి సగం కూడా నిండనప్పుడు మొత్తం కిరాయి కట్టడం గాలికి డబ్బులిచ్చినట్టే. మధ్యరకం ఆర్డర్లు వచ్చినప్పుడు చేబ్రోలు దగ్గర అప్పడాలు చేసే ఒకావిడతో కలిసి బండి మాట్లాడుకుంటున్నాం. ఆవిడ బిల్లులు ఆవిడవి, నా బిల్లులు నావి, కిరాయి ఆక్రమించిన చోటుని బట్టి. మొదటిసారి ఆవిడ అడిగిన మాట, "వదినా, నా పెట్టెలు పైన పెడతారా, కింద పెడతారా?" అని. అప్పడాలు కింద పెట్టేంత అమాయకురాలిని కాదమ్మా అన్నాను.

కిందటి నెల బండి వచ్చినప్పుడు నేను వాకిట్లో కనిపించకపోయేసరికి మా అత్తయ్యగారు అరుగు మీంచి కేకేశారు. "ఏమే, లారీ వచ్చింది! లోపలికెళ్లి తలుపేసుకుని చూశావా?"

నేనప్పటికే లోపల చీకట్లో ఉన్నాను.